స్పిండిల్ వేడెక్కేదాకా

కార్తీకమాసంలో వచ్చిన తుపాను ఉప్పాడ పక్కనున్న పేటలో సగానికి పైగా బోట్లను పాడుచేసి పోయింది. కొన్నింటిని అలలు లోపలికి లాక్కుపోయాయి. మిగిలినవాటిని ఎత్తి రాళ్లకట్ట మీద పడేశాయి. ఆ చలికాలమంతా పేటలో మగవాళ్లు పక్క ఊళ్ల బోట్ల మీద కూలికి వెళ్లారు. నిన్నటిదాకా సొంత బోటున్నవాడు ఇంకొకడి బోటు మీద వల లాగడం ఎలా ఉంటుందో సంఘం పెద్ద నూకరాజుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయినవాటిలో ఆయన బోటు కూడా ఉంది.

వేసవిలో వేట నిషేధం మొదలయ్యే వేళకి పరిహారం చేతికొచ్చింది. సంఘంలో అందరూ కూర్చుని ఒక మాట మీదికి వచ్చారు. ఈసారి చెక్కబోట్లు వద్దు, అందరికీ ఒకే అచ్చులో ఫైబర్ బోట్లు చేయించుకుందాం. నిషేధం ఎత్తేసిన రోజున కనీసం మొదటి బోటైనా నీళ్లలోకి దిగాలి. విశాఖపట్నంలో అడిగితే దసరా దాకా ఖాళీ లేదన్నారు. చెన్నైలో ఒక యార్డువాళ్లు రమ్మన్నారు గానీ, అంత దూరం నుంచి బోట్లు తెచ్చుకోవడం ఎవరికీ నచ్చలేదు. అప్పుడు నూకరాజుకి వీరబ్రహ్మం గుర్తొచ్చాడు.

వీరబ్రహ్మం షెడ్డు కాకినాడ ఏటిమొగలో, కాలవ గట్టున ఉంటుంది. అరవై దాటిన మనిషి. నూకరాజు తండ్రికి బోటు కట్టింది ఆయనే. చెక్కబోట్లు అడిగేవాళ్లు తగ్గిపోయినా ఆయన ఉలి మూలన పడేసి కూర్చోలేదు. పక్కింటి లోవమ్మ కూతురు తలుపులమ్మ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, హైదరాబాదు బాలానగర్‌లో కొన్నేళ్లు సి.ఎన్.సి. మిషన్ల మీద పనిచేసి ఊరికొచ్చేసినప్పుడు, ఆయనే వాళ్లింటికి వెళ్లి అడిగాడు.

"తల్లీ, నీకు మిషను తెలుసు. నాకు బోటు తెలుసు. ఇద్దరం కలిసి ఏదన్నా మొదలెడదామా?"

అలా ఆ షెడ్డులోకి, కంప్యూటర్లో గీసిన గీత ప్రకారం చెక్క కోసే సెకండ్ హ్యాండ్ రౌటర్ మిషను ఒకటి వచ్చింది. ప్లైవుడ్ షీటు నిండుగా పరుచుకునేంత బల్ల, దాని మీద ముందుకీ వెనక్కీ నడిచే ఇనప వంతెన, వంతెనకి నిలువుగా బిగించిన స్పిండిల్. ఆ స్పిండిలే మిషనుకి ప్రాణం. చూడ్డానికి మోచేతి మందం స్టీలు గొట్టంలా ఉంటుంది. లోపల మోటారు, కింది కొసన చెక్కని కోసే బిట్టు. నిమిషానికి వేల చుట్లు తిరిగే వస్తువు కాబట్టి దాని ఒంట్లోంచి ఎప్పుడూ చల్లటి నీళ్లు పారుతుండాలి. కింద బకెట్లో చిన్న పంపు. ఒక పైపులోంచి నీళ్లు పైకెక్కి, స్పిండిల్ చుట్టూ తిరిగి, రెండో పైపులోంచి మళ్లీ బకెట్లో పడతాయి.

మొదటి స్పిండిల్ వాళ్ల చేతిలోనే పోయింది. కిందటేడు వానాకాలం పనులు లేక మిషను చాలా రోజులు ఊరికే ఉండిపోయింది. ఆ తర్వాత రాజమండ్రి నుంచి ఒక ఫర్నిచర్ షాపాయన తలుపుల మీద నగిషీ చేయించుకుందామని వచ్చాడు. వచ్చినాయన్ని చూసిన సంబరంలో వీరబ్రహ్మం స్విచ్చి వేసి, స్పీడు నాబ్ చివరిదాకా తిప్పేశాడు. పక్కనే ఉన్న తలుపులమ్మ వద్దనలేదు. వద్దనాలని ఆమెకీ తెలియదు. స్పిండిల్ ఒక్కసారి కీచుమని అరిచింది. ఆ అరుపుకి కాలవ అవతలి గట్టు మీద కుక్కలు మొరిగాయి. కాలిన వాసన వచ్చింది, అంతే, బిగుసుకుపోయింది. షాపాయన ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తలుపులమ్మ ఆ స్పిండిల్‌ని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కి రాజమండ్రిలో మోటార్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన విప్పి, బేరింగులు కాగితం మీద పెట్టి చూపించాడు. లోపలి ఉక్కు గుళ్లు నీలంగా మాడిపోయి ఉన్నాయి.

"ఇందులో గ్రీజు చూశావా అమ్మా, అంతా కిందికి జారి ఓ పక్కన గడ్డకట్టేసింది. ఇటుపక్క గుళ్లు పొడిగా ఉండిపోయాయి. పొడి గుళ్లని ఒకేసారి అంత స్పీడులో తిప్పితే ఏం మిగుల్తుంది? చాలా రోజులు ఆగిన స్పిండిల్‌ని ముందు నెమ్మదిగా తిప్పాలి. గ్రీజు చుట్టూతా పాకాలి. ఒళ్లంతా సమంగా వేడెక్కాలి. ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి."

"బాలానగర్‌లో ఎవరూ ఇలా చేసేవారు కాదండీ."

"అక్కడ మిషన్లు రేయింబవళ్లు తిరుగుతాయి కదమ్మా. చల్లారితే కదా వేడి చెయ్యడానికి!"

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. డిప్లొమా చదివినా, నాలుగు రకాల మిషన్లు నడిపినా, ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. ఈసారి మాత్రం ఎవరు పక్కన నిలబడి తొందరపెట్టినా తను ఒప్పుకునేది లేదని ద్వారపూడి దాటేసరికి గట్టిగా అనుకుంది.

కొత్త స్పిండిల్ తెప్పించి బిగించారు. తిప్పి చూసుకున్నారు. బాగానే ఉంది. కానీ ఈలోగా మాట ఊరంతా పాకిపోయింది. వీరబ్రహ్మం గారి మిషను ఈలేసి చచ్చిపోయిందట అని ఏటిమొగలో టీ బడ్డీల దగ్గర చెప్పుకుని నవ్వుకున్నారు. పనిచ్చేవాళ్లు లేకపోయారు. నీళ్లు పారబోసి, పైపులు ఊడదీసి దూలానికి వేలాడదీసి, మిషను మీద టార్పాలిన్ కప్పేశారు. చలికాలం వెళ్లి ఎండాకాలం వచ్చినా ఆ టార్పాలిన్ తీయాల్సిన అవసరం రాలేదు.

నూకరాజు ఒకరోజు పొద్దున్నే సంఘం మనుషుల్ని వ్యానులో ఎక్కించుకుని షెడ్డు ముందు దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. వీరబ్రహ్మం ఎదురెళ్లి కుర్చీ వేశాడు.

"కూర్చోడానికి రాలేదండీ బ్రహ్మం గారూ," అన్నాడు నూకరాజు నిలబడే. "ఉన్నమాట చెబుతాను. మీ చేతి మీద నాకు నమ్మకమే. మా నాన్న బోటు మీరు కట్టిందే కదా. మీ మిషను మీదే మావాళ్లకి అనుమానం. ఫైబర్ బోటుకి అచ్చు ముఖ్యమంట. అచ్చు లోపల ఉండే చట్రాలు వంకరగా కోస్తే అచ్చు వంకర, అచ్చు వంకరైతే అందరి బోట్లూ వంకరే. అందుకని మిషను కోస్తుంటే కళ్లారా చూడాలంటున్నారు. చూసి బావుంటే పని మీదే. లేదంటే సాయంత్రం బండికి చెన్నై టికెట్లు తీసే ఉంచాం."

వీరబ్రహ్మం తలుపులమ్మ వైపు చూశాడు. 

"చూపిస్తాం మావయ్యా," అంది తలుపులమ్మ. "కానీ ఇప్పటికిప్పుడు కాదు. మిషను నెలల తరబడి ఆగి ఉంది. ముందు వేడెక్కాలి. భోజనాల వేళ దాటుతుంది."

వెనకనుంచి ఎవరో నవ్వారు. "మిషను కూడా స్నానం చేసి, టిఫిన్ చేసి వస్తుందేంటి?"

"అలాంటిదే," అంది ఆమె నవ్వకుండా. చుడీదార్ మీద చున్నీ నడుముకి బిగించి టార్పాలిన్ లాగేసింది.

అడుగున బకెట్లో మిగిలిన నీళ్లు పచ్చగా నాచు పట్టి ఉన్నాయి. ఆమె బకెట్ బయటికి తీసి తోమింది. పంపు విప్పి బ్రష్షుతో కడిగింది. అన్న వెంకన్నని బ్యాటరీ షాపుకి పంపి డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెప్పించింది. వెంకన్న ట్రాలర్ మీద పనిచేస్తాడు. నిషేధం వల్ల ఇంటిపట్టున ఉన్నాడు. క్యాన్లు దించుతూ చెల్లెలి చెవి దగ్గర గొణిగాడు.

"కుళాయి నీళ్లు పొయ్యొచ్చు కదే! వాళ్లు వెళ్లిపోయేలా ఉన్నారు."

"మన కుళాయి నీళ్లు ఉప్పన్నయ్యా. లోపల పేరుకుపోద్ది. పోయ్."

పైపులు బిగించి నీళ్లు పోశారు. ఇంకా కరెంటు వెయ్యలేదు. ఆమె స్పిండిల్ కొసని రెండు వేళ్లతో పట్టుకుని చేత్తోనే మెల్లిగా తిప్పింది. ఎక్కడైనా పట్టేస్తుందేమో, గరగరమంటుందేమో అని కళ్లు మూసుకుని చూసింది. కాస్త బరువుగా ఉంది గానీ పట్టడం లేదు. అప్పుడు పంపు స్విచ్చి మాత్రం వేసింది.

పంపు గుయ్యిమంది. నీళ్లు పైకెక్కే పైపులో బుడగలు కనిపించాయి. అంతా రెండో పైపు కొస వైపు చూశారు. అందులోంచి నీళ్లు పడాలి. పడలేదు.

ఆమె కొంచెంసేపు ఆగి చూసింది. చుక్క కూడా రాలేదు. పంపు ఆపేసింది.

"అయిపోయింది," అన్నాడు సంఘం మనుషుల్లో ఒకడు. "మొదట్లోనే అయిపోయింది. పదండి నూకరాజు గారూ."

వీరబ్రహ్మం మొలలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.  తలుపులమ్మ చేతులు మాత్రం ఆగలేదు. పైకెక్కే పైపు ఊడదీసి బకెట్లోనే పెట్టి పంపు వేసింది. నీళ్లు దండిగా వచ్చాయి. పంపు మంచిదే. అంటే అడ్డం పైన ఎక్కడో ఉంది. స్పిండిల్‌లో ఉంటే ఇవాళ్టికి పని అయ్యేది కాదు. పైపులో ఉంటే మాత్రం అవుతుంది. తిరిగొచ్చే పైపుని స్పిండిల్ దగ్గర ఊడదీసి, కొసని వెలుతురులోకి పట్టి చూసింది. నెలల తరబడి షెడ్డు దూలానికి ఆనుకుని వేలాడిన కొస అది. లోపల ఎర్రగా ఏదో బిగుసుకుని ఉంది. గోటితో గీకితే మట్టి రాలింది, కందిరీగలు కట్టే గూటి మట్టి.

"కుమ్మరి పురుగు!" అంది ఆమె. "గూడు పెట్టేసింది అన్నయ్యా, పైపులో గూడు పెట్టేసింది!"

వెంకన్న పైపు లాక్కున్నాడు. సముద్రంలో ఇంజను పైపులు ఊదిన మనిషి. రెండో కొసన నోరు పెట్టి బుగ్గలు పగిలేలా ఊదాడు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి ఊదితే మట్టి ముద్ద తూటాలా వచ్చి నూకరాజు తెల్ల చొక్కాకి తగిలి పగిలింది.  నూకరాజు కిందికి చూసుకున్నాడు. చొక్కా మీద ఎర్రమట్టి, అందులో ఆ కందిరీగ తన పిల్లల కోసం దాచిన సాలీడు ఒకటి, ఎండిపోయి.

ముందు నవ్వింది ఆయనే. ఆయన నవ్వగానే అందరూ పొట్ట పట్టుకున్నారు.

"మరి ఇది చూడకుండా మిషను వేసి ఉంటే?" అని అడిగాడు నవ్వు తగ్గాక, చొక్కా దులుపుకుంటూ.

"నీళ్లు తిరిగేవి కావు. లోపల మోటారు కాలిపోయేది మావయ్యా."

 నూకరాజు వీరబ్రహ్మం వేసిన కుర్చీని దగ్గరికి లాక్కుని, మిషనుకి ఎదురుగా కూర్చున్నాడు.

పైపులు మళ్లీ బిగించి పంపు వేస్తే ఈసారి నీళ్లు వచ్చాయి. ముందు ఎర్రగా, తర్వాత తేటగా. ఆ మురికి నీళ్లు పారబోసి మిగిలిన క్యాన్ల నీళ్లు పోసింది. బకెట్లో ధార చప్పుడు సన్నగా, ఆగకుండా వినిపించడం మొదలయ్యాక ఆమె స్పిండిల్ స్విచ్చి మీద చెయ్యి వేసింది. నాబ్ బాగా తక్కువలో ఉంచింది.

స్పిండిల్ కదిలింది.

వచ్చిన చప్పుడు బావుండలేదు. ఎండిన గొంతుతో ఎవరో గుర్రుపెడుతున్నట్టు గరగరమంది. ఆ చప్పుడు వినగానే వీరబ్రహ్మం లేచి బయటికి వెళ్లిపోయాడు. కాలవ గట్టున తాటిదూలం మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇంకోసారి ఆ కీచు చప్పుడు వినే ఓపిక ఆయనకి లేదు.

తలుపులమ్మ స్పిండిల్ ఒంటి మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. చల్లగా ఉంది. సన్నటి వణుకు ఉంది. గరగర పెరుగుతోందా, తగ్గుతోందా? ఇంకా తెలియడం లేదు. రాజమండ్రి ఆయన చెప్పినవి తప్ప ఆమె దగ్గర వేరే ఆధారం లేదు. ఓపిక పట్టాలి, అంతే.

సంఘం మనుషులు కొంతసేపు చూశారు. తర్వాత విసుగు మొదలైంది. ఒకడు వాచీ చూసుకున్నాడు. ఒకడు బయట బీడీ వెలిగించాడు.

"ఇంతేనా దీని స్పీడు? దీనికంటే మా ఇంట్లో ఫ్యాను నయం."

వెంకన్నకి అవమానం పట్టలేకపోయింది. చెల్లెలు అటు తిరిగి ఉండగా గబుక్కున ముందుకొచ్చి నాబ్ పట్టుకున్నాడు. "కొంచెం పెంచితే ఏమవుద్దే! వాళ్ల ముందు పరువు పోతోంది."

ఆమె అతని మణికట్టు పట్టేసుకుంది. చిన్నప్పటినుంచీ ఆమె అతని మీద చెయ్యి వేసింది లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ అలాగే నిలబడ్డారు.

"ఒరే వెంకన్నా, చెయ్యి తియ్యరా," అంది ఒక గొంతు.

నూకరాజు. కుర్చీలోంచే అన్నాడు.

"నువ్వు సముద్రం మీదికి పోయేవాడివే కదా. నిషేధం అయ్యాక మొదటి రోజు ఇంజను స్టార్ట్ చేసి ఒకేసారి లాగేస్తావా?"

"లేదండి. కాసేపు ఊరికే తిరగనిస్తాం."

"ఎందుకురా?"

 వెంకన్న నాబ్ మీంచి చెయ్యి తీసేశాడు.

నూకరాజు తనవాళ్ల వైపు తిరిగాడు. "మనోడు ఒకడు ఇలాగే తొందరపడి ఒడ్డు దాటగానే ఇంజను బిగుసుకుపోతే మనమే కదా వెళ్లి తాళ్లేసి లాక్కొచ్చింది! ఆ పిల్ల చేసేది అదే పని. చెన్నై బండి సాయంత్రానికి కదా, కూర్చోండి."

సరిగ్గా అప్పుడే లోవమ్మ వచ్చింది. కుంభాభిషేకం రేవులో, నిషేధం లేని చిన్న తెప్పలు తెచ్చిన చేపలమ్మి, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతుంటే, కూతురి షెడ్డు ముందు ఇంతమంది మగాళ్లని చూసి ఆగింది. సంగతి వినేసరికి ఆమె గొంతు లేచింది. బజార్లో ఆ చివర నిలబడ్డవాడికి కూడా వినిపించే గొంతు.

"పిల్ల మానాన పిల్ల పని చేసుకుంటుంటే చుట్టూ చేరి ఏంటయ్యా మీ గోల! మీరు ఊపిరి వదిల్తే అది వేడెక్కుద్దా? లెగండి. ఇవాళ మా ఇంట్లో పులస లేదు గానీ మెత్తళ్లు ఉన్నాయి, మామిడికాయేసి వండుతాను. మిషను దాని పని అది చేసుకుంటది, మీరు అన్నం తినండి."

 లోవమ్మకి ఎదురు చెప్పడం ఆ చుట్టుపక్కల ఎవరికీ అలవాటు లేదు. షెడ్డు నీడలోనే విస్తళ్లు వేసింది. చింతపండు వెయ్యకుండా మామిడికాయతో పులుపెక్కిన చేపల కూర, వేడన్నం. సంఘం మనుషులు చేతులు కడుక్కుని కూర్చున్నారు.

తలుపులమ్మ తినలేదు. చెయ్యి స్పిండిల్ మీదే ఉంది. ఇప్పుడది చల్లగా లేదు. లోపల్నుంచి గోరువెచ్చదనం పైకి వస్తోంది, ఒక పక్కకి కాకుండా చుట్టూతా. ఆమె నాబ్ కొంచెం తిప్పింది. గరగర ఒకసారి పైకి లేచి మళ్లీ సర్దుకుంది. అది సర్దుకునేదాకా ఆగింది. ఇంకొంచెం తిప్పింది. మళ్లీ ఆగింది. వంగి బకెట్లో వేళ్లు ముంచి చూసింది. నీళ్లు కొంచెం వెచ్చబడ్డాయి, ధార తగ్గలేదు. అలా ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ పోయింది. లోవమ్మ వచ్చి అన్నం ముద్ద కలిపి నోటికి అందిస్తే, మిషను మీంచి చూపు తిప్పకుండా నమిలి మింగింది.

రెండోసారి అన్నం పెట్టించుకుంటున్న నూకరాజు సగంలో చెయ్యి ఆపాడు. ఏదో మారింది. ఏం మారిందో ముందు తెలియలేదు. తర్వాత అర్థమైంది. ఇందాకటినుంచీ చెవుల్లో ఉన్న గరగర లేదు. బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడొకటే వినిపిస్తోంది.

బయట తాటిదూలం మీద ఉన్న వీరబ్రహ్మం కూడా అది విన్నాడు. లేచి, కాళ్లు ఈడ్చుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఆపేశావా తల్లీ?" అన్నాడు నీరసంగా.

"లేదు బాబాయ్. తిరుగుతోంది. ఫుల్ స్పీడులో తిరుగుతోంది."

ఆయన నమ్మలేదు. దగ్గరికొచ్చి వంగి చూశాడు. స్పిండిల్ కొస తిరుగుతున్నట్టే లేదు, నిలబడిపోయిన వెండి చుక్కలా మెరుస్తోంది. ఆయన మెల్లిగా అరచెయ్యి చాపి ఆమె చెయ్యి పక్కన ఆనించాడు. వెచ్చగా ఉంది, వణుకు లేదు. చెవి దగ్గర పెడితే సన్నగా, తంబురా మీటి వదిలినట్టు ఒకటే నాదం. వీరబ్రహ్మం కళ్లు మూసుకున్నాడు. మూసుకునే నవ్వాడు. ఆ నవ్వు చూడగానే తలుపులమ్మకి అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. చున్నీతో మొహం తుడుచుకుని, "ప్లైవుడ్ ఎక్కించండి!" అని అరిచింది.

ఎంగిలి చేతులతోనే నలుగురు లేచారు. "కడుక్కోండయ్యా!" అని లోవమ్మ వెంటపడింది. షీటు బల్ల మీద పరిచి బిగించారు. బోటు రేఖలు వీరబ్రహ్మం ఎప్పుడో కాగితం మీద గీసిస్తే, ఆమె వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచింది. స్పిండిల్ ఆపి, బిట్టు బిగించి, మళ్లీ తిప్పింది. వంతెన కదిలింది. బిట్టు చెక్కలోకి దిగింది. సన్నటి పొట్టు ఎగిరింది. బోటు ముందు కొసన అణియం దగ్గరి వంపు మునివేళ్లతో గీసినట్టు ఎక్కడా తడబడకుండా ప్లైవుడ్ మీద నడుచుకుంటూ వెళ్లింది. మూల దగ్గర తిరిగింది. వెనక్కొచ్చింది. మొదలుపెట్టిన చోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి కలిసింది.

ఎడమపక్క చట్రం ఊడి వచ్చింది. రెండోది కూడా కోసింది, అది కుడిపక్కది. నూకరాజు చేతులు కడుక్కుని వచ్చి ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిలబెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టాడు. అంచు పొడుగునా చూశాడు. ఎక్కడా వెలుగు దూరలేదు. పక్కనున్నవాడికి ఇచ్చాడు. అతనూ చూశాడు. చేతులు మారుతూ మారుతూ ఆ జత షెడ్డంతా తిరిగింది. ఇందాక ఫ్యాను మాట అన్నవాడు బొటనవేలితో అంచు మీద రాసి చూసి, "అబ్బో!" అన్నాడు. 

నూకరాజు జేబులోంచి రైలు టికెట్లు తీసి తనవాళ్లలో ఒకడి చేతిలో పెట్టాడు.

"స్టేషనుకెళ్లి ఇవి రద్దు చేయించుకొచ్చెయ్. పని ఇక్కడే!"

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచారు అందరూ. వెంకన్న చెల్లెల్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. "దింపు అన్నయ్యా, మిషను ఆన్‌లో ఉంది!" అని ఆమె నవ్వుతూనే కేకలేసింది.

ఆ వేసవంతా షెడ్డు నిండా పనే. చట్రాలన్నీ వరసగా నిలబెట్టి, సన్నటి చెక్కలు మేకులేసి, నున్నగా చిత్రిక పట్టి అచ్చు తయారుచేశారు. అచ్చు మీద గాజుగుడ్డ పరిచి, రసాయనం పూసి, మళ్లీ పరిచి పూశారు. ఆ వాసనకి కళ్లు మండినా ఎవరూ తగ్గలేదు. పేట నుంచి మనుషులు వంతులేసుకుని వచ్చి పనిచేశారు. ప్రతిరోజూ తలుపులమ్మ పని మొదలుపెట్టేముందు స్పిండిల్‌ని కాసేపు ఊరికే తిరగనిచ్చేది. ఆ కాసేపూ ఎవరూ తొందరపెట్టేవాళ్లు కాదు. పైగా కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఎందుకు ఆగారని అడిగితే, వాళ్లకి కుమ్మరి పురుగు కథ మొదలుకుని అంతా చెప్పేవాడు ఫ్యాను మాట అన్నవాడే.

అచ్చు మీంచి మొదటి బోటు ఊడి వచ్చిన రోజున వీరబ్రహ్మం దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. బొటనవేలిని అణియం నుంచి వెనక కొసన అమరం దాకా రాసుకుంటూ వెళ్లాడు. నలభై ఏళ్లు ఉలితో వెతుక్కున్న వంపు అది. ఎడమపక్కా కుడిపక్కా ఇంత సమంగా ఎప్పుడూ కుదరలేదని ఆయనే అందరి ముందూ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో దిగులేమీ లేదు.

నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున పేట ఒడ్డంతా జనమే. బోటుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మతల్లికి కొబ్బరికాయ కొట్టారు. బోటు అణియం మీద బంతిపూల దండ. సముద్రం కాస్త పొంగుమీదే ఉంది. అలలు ఒకదాని వెనక ఒకటి లేచి ఇసక మీద విరుగుతున్నాయి. కొత్త బోటు తట్టుకుంటుందా అని ముసలివాళ్లు కొందరు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

నూకరాజు అమరం దగ్గర నిలబడ్డాడు. వెంకన్నా ఇంకొందరూ ఎక్కారు. బోటు కదలబోతుండగా నూకరాజు ఒడ్డువైపు తిరిగి కేకేశాడు.

"తలుపులమ్మా! నువ్వెక్కడున్నావు? రా!"

ఆమె లోవమ్మ పక్కన నిలబడి ఉంది. ఆడవాళ్లు బోట్లు నెట్టడానికి సాయపడతారు, చేపలు మోస్తారు, అమ్ముతారు. మొదటిసారి నీళ్లలోకి దిగే బోటు మీద ఆడపిల్లని ఎక్కించడం ఆ పేటలో ఎవరూ చూడలేదు. ఆమె తల్లి వైపు చూసింది. లోవమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది.

"పిలుస్తుంటే చూస్తావేంటే! ఎక్కు!"

తలుపులమ్మ మోకాళ్లలోతు నీళ్లలోకి పరిగెత్తింది. వెంకన్న చెయ్యి అందించి పైకి లాగాడు. ఒడ్డున ఉన్నవాళ్లు భుజాలు ఆనించి బోటుని ఒక్కసారిగా లోపలికి నెట్టారు. ఇంజను అందుకుంది. మొదటి అల లేచి ఎదురొచ్చింది. బోటు అణియం దాన్ని రెండుగా చీల్చుకుని పైకి లేచింది. ఒక క్షణం ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత అవతలి వైపుకి జారింది. నీళ్లు అందరి మీదా కురిశాయి. రెండో అల, మూడో అల. బోటు ఎటూ ఒరగలేదు. అలలు విరిగే చోటు దాటేసి లోపలి నీళ్లలోకి, నున్నటి నీళ్లలోకి వచ్చేసింది.

"చూశారట్రా!" అని నూకరాజు పొలికేక పెట్టాడు. "బాణంలా పోతోంది, బాణంలా!"

తలుపులమ్మ లేచి, బోటు అంచు పట్టుకుని నిలబడింది. జుట్టంతా తడిసి మొహానికి అంటుకుపోయింది. దూరంగా ఒడ్డు మీద జనం చీమల్లా కనిపిస్తున్నారు. వాళ్ల ముందు నడుంలోతు నీళ్లలోకి దిగిపోయి, తువ్వాలు గిరగిరా తిప్పుతూ గంతులేస్తున్న వీరబ్రహ్మాన్ని ఆమె గుర్తుపట్టింది. రెండు చేతులూ పైకెత్తి, గొంతులో ఉన్న బలమంతా పెట్టి, సముద్రం మీద అరిచింది.